మూత విప్పని ఇంజను

ఒటావా
సెప్టెంబరు 4

నా కొడుకు మకిక్‌కి,

నీ ఉత్తరం ఆఫీసుకు తెచ్చుకుని చదువుకుంటుంటే, పైన "అమ్మా" అని ఉండడం చూసి పక్క సీటు అమ్మాయి నోరు తెరిచింది. "నీకు ఇరవై నాలుగు. ఈయనకెన్ని?" అంది. యాభై ఎనిమిది అన్నాను. మా అమ్మమ్మ పోయిన నెలకే నేను పుట్టాననీ, నివియాక్ అనే ఆవిడ పేరు నాకు పెట్టారనీ, పేరుతో పాటే ఆవిడ చుట్టరికాలన్నీ నాకు దిగాయనీ చెప్పాను. అందుకే మా మేనమామ నన్ను అమ్మా అంటాడు, ఆయన భార్య అత్తా అంటుంది. "అయితే నీకో కోడలు కూడా ఉందన్నమాట!" అని పడీపడీ నవ్వింది. ఉంది, ఆవిడంటే నాకే భయం, అన్నాను. ఈ ముక్క ఉవినిక్‌కి చదివి వినిపించకు.

ఆఫీసు అన్నాను కదా. అవును, మళ్ళీ కొత్త ఉద్యోగమే. వేళ్ళ మీద లెక్కపెట్టకు, ఇది నాలుగోది. ఇది మాత్రం వదలను. వీళ్ళు చిన్న అణువిద్యుత్ యంత్రాలు చేస్తారు. చిన్నవంటే ఓడ ఎక్కించి తెచ్చి దింపగలిగినంత. ఒక్కటి ఉంటే మన తసియాలుక్ లాంటి ఊరికి కరెంటూ, ఇళ్ళకు వెచ్చదనమూ రెండూ ఇరవై ఏళ్ళు ఇస్తుంది. ఏడాదికోసారి ఆయిలు ఓడ కోసం సముద్రం వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఉత్తరాది ఊళ్ళతో మాట్లాడే విభాగంలో నన్ను వేశారు. అక్కడి మనిషిని నేనొక్కదాన్నే.

నా బల్ల ఎదురుగా గోడంత పటం. మన ఊరి మీద ఎర్ర గుండుసూది గుచ్చారు. కింద "దూరప్రాంతాలు" అని రాశారు గానీ ఎవరికి దూరమో రాయలేదు. నాకైతే ఒటావానే దూరం.

నవంబరులో మావాళ్ళు మన ఊరొచ్చి సభ పెడతారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పవర్‌హౌస్ నడుపుతున్నవాడివి. ఊరంతా నీ నోటి వైపే చూస్తుంది. నువ్వేమంటావో ముందు నాకు రాయి.

ప్రేమతో,
నివియాక్

తసియాలుక్
సెప్టెంబరు 29

అమ్మా,

ఆయిలు ఓడ వచ్చి వెళ్ళింది. గాలి అడ్డం తిరిగి నాలుగు రోజులు దూరంగా లంగరేసుకుని నిలబడిపోయింది. ఐదో రోజు గొట్టం నీళ్ళ మీద పరిచి టాంకులు నింపారు. నింపినంతసేపూ ఒడ్డున నిలబడ్డాను. పన్నెండేళ్ళ కిందట గొట్టం మెడ దగ్గర పగిలి వాగు నోరంతా నూనె తేలింది కదా, అప్పటినుంచి కూర్చుంటే నాకు తోచదు. ఈసారి చుక్క పడలేదు.

నువ్వు ఫోను చేశావని ఉవినిక్ చెప్పింది. నా చెవులు ఎప్పుడో ఇంజన్లకు ఇచ్చేశాను కదమ్మా. ఆవిడ ఫోను నా చేతికిచ్చి రాసి చూపించమంటుంది. నా వేళ్ళు ముతకవి, ఆ అద్దానికి తెలియవు. ఉత్తరమే మంచిది. విమానం ఉన్న వారం వెళ్తుంది, లేని వారం ఆగుతుంది. నేనూ అంతే.

చెవులు పోయినా పవర్‌హౌస్‌లో నాకేం లోటు లేదు. నేల మీద పాదాలు ఆనిస్తే ఏ ఇంజను ఏ మాట మీద ఉందో తెలుస్తుంది. రెండో దానికి ఈమధ్య కొంచెం వణుకు. బేరింగు అయి ఉంటుంది. కరెంటు కార్పొరేషన్ వాళ్ళకు రాశాను, వసంతంలో చూద్దామన్నారు.

నీ యంత్రం గురించి చదివాను. చిన్నదంటున్నావు, సంతోషం. దానికి మూత ఏ పక్క ఉంటుంది? ఇలా అడగడం నాకు అలవాటు లేదు. మనం చూసి నేర్చుకునేవాళ్ళం. చూద్దామంటే అది ఇక్కడ లేదు గనుక అడిగాను.

సభలో నేనేమనాలో నువ్వే చెప్పు.

ఆర్కిటిక్ చేప ఎండబెట్టింది డబ్బాలో పంపుతున్నాను. కోడలు పంపిందని చెప్పమంది.

నీ కొడుకు
మకిక్

ఒటావా
అక్టోబరు 20

కొడుకా,

పిల్లల ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నీ మనవరాలు అలసువాను గాలి గొట్టం పెట్టి ఇక్కడికి విమానంలో తెచ్చారని నీకు తెలుసు. తెలియనిది చెబుతాను. ఐదు నెలల పిల్ల. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం గుంట పడుతోంది. నీ కూతురు సూసీ మూడు రోజులుగా అదే కుర్చీలో ఉంది. పెద్ద డాక్టరు వచ్చి, ఇంట్లో ఎంతమంది అని అడిగాడు. పదముగ్గురం అంది సూసీ. ఆయన కాగితం మీద పదమూడు వేసి, పొరపాటు విన్నానేమోనని మళ్ళీ అడిగాడు. కొత్త ఇళ్ళు ఎందుకు కట్టరు అన్నాడు. ఇప్పుడున్న ఇంజన్లు ఇంకో ఇరవై ఇళ్ళు మోయలేవనీ, అందుకే కట్టరనీ నేను చెప్పాను. పవర్‌హౌస్ పొగ గొట్టం మీ ఇంటికి రెండు వందల అడుగుల దూరం. గాలి పడమటి నుంచి కొడితే పొగ సరాసరి ఎక్కడికి వస్తుందో నీకు నేను చెప్పాలా?

మూత అడిగావు. మూత లేదు. ఫ్యాక్టరీలోనే మూసేస్తారు. ఇరవై ఏళ్ళ పాటు ఎవరూ విప్పే పని లేదు. దాని గొప్పే అది. పొగ లేదు, నూనె లేదు, బేరింగు కోసం వసంతం దాకా కాచుకోవడం లేదు. నీ ఉద్యోగం పోతుందని బెంగ అయితే ఆ బెంగ పెట్టుకోకు, నీకు నిండు పింఛను వచ్చేలా మావాళ్ళతో నేను మాట్లాడతాను.

కొడుకా, ఏమనాలో చెప్పమన్నావు. సభలో లేచి సరే అను. అది చాలు. ఇంకేమీ అక్కర్లేదు. అమ్మ చెబుతోంది.

నివియాక్

తసియాలుక్
డిసెంబరు 2

అమ్మా,

చెప్పినట్టే చేశాను.

సభ బడిలో ఆటల హాల్లో జరిగింది. నలుగురు వచ్చారు, అందరికీ ఒకే రంగు కోట్లు, ఇంకా మడతలు విడలేదు. మీ డెన్నిస్ అనే పొడుగాటాయన మంచివాడే, ముసలాళ్ళకు టీ తానే పోసి ఇచ్చాడు. ఎండు ద్రాక్ష రొట్టెలు తెచ్చారు, చాలలేదు. గోడ మీద యంత్రం బొమ్మ వేశారు. చుట్టూ పచ్చగడ్డి గీశారు. మన దగ్గర ఆ గడ్డి ఎక్కడ మొలుస్తుందా అని పక్కవాడు నవ్వాడట.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు. మాట నాకు వినపడలేదు గానీ అందరూ నా వైపు తిరిగారు కాబట్టి తెలిసింది. లేచాను. సరే అన్నాను. కూర్చున్నాను. ఊరివాళ్ళు నన్ను చూసి కనుబొమలు ఎత్తి సరే అన్నారు. రాసుకునే మనిషి తల ఎత్తలేదు. తరవాత డెన్నిస్ చేతులెత్తమంటే చేతులు కూడా ఎత్తారు.

పాప ఊపిరి తేలికైందని సూసీ ఫోనులో ఉవినిక్‌కి చెప్పింది. నువ్వు వాళ్ళ పక్కన కూర్చున్నావని చెప్పింది. అది మరిచిపోను.

పింఛను సంగతి నేను తలుచుకోలేదు. నువ్వు రాశాక తలుచుకున్నాను.

సూర్యుడు వెళ్ళిపోయాడు. జనవరి నడిమికి గానీ రాడు. రెండో ఇంజను వణుకు పెరిగింది.

నీ కొడుకు
మకిక్

ఒటావా
డిసెంబరు 18

బంగారు కొడుకా,

ఇక్కడ నన్ను నేల మీద నడవనివ్వడం లేదు! డెన్నిస్ తిరిగొచ్చి అందరి ముందూ "మకిక్ లేచి ఒక్క మాట అన్నాడు, పని అయిపోయింది" అని చెప్పాడు. నా ఉద్యోగం ఏడాదిది కాస్తా శాశ్వతమైంది. అలసువా పదిహేను వందల గ్రాములు బరువు పెరిగింది. నిన్న నా వేలు పట్టుకుని వదల్లేదు.

నివేదిక నా చేతే రాయించారు. "ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఊరు సంపూర్ణంగా ఆమోదించింది" అని చివరి వాక్యం డెన్నిస్ చెప్పాడు, నేను రాశాను. రాసి ఇంటికొచ్చాక ఆ వాక్యం అన్నం తినేటప్పుడు పళ్ళలో ఇరుక్కున్న నారలా వదలడం లేదు. మన ఊళ్ళో కుక్కల పందెం ఒక శనివారం నుంచి ఇంకో శనివారానికి మార్చాలంటే ఊరి రేడియోలో మూడు రోజులు కొట్టుకుంటారు. చర్చి కిటికీకి ఏ రంగు అన్నదానికి రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేశాయి. ఇంత పెద్ద సంగతికి ఒక్కరూ నోరు విప్పలేదా? పోనీ నువ్వయినా, మూత ఏదని నన్ను అడిగినవాడివి, వాళ్ళను ఎందుకు అడగలేదు?

ఏమో, నాకు సుఖంగా ఉండడం చేతకాదని నన్ను కన్న అమ్మ అంటుంది. నిజమేనేమో. క్రిస్మస్‌కి ఉవినిక్‌కి ఊలు పంపాను, ఎరుపు. కోడలికి నచ్చకపోతే నాకు రాయవద్దు.

నివియాక్

తసియాలుక్
జనవరి 15

అమ్మా,

మంచుతుఫాను తొమ్మిది రోజులు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం రెండో ఇంజను పట్టేసింది. ఒకటోది మరమ్మతుకు విప్పి ఉంది, మూడోది ఒక్కటే ఊరిని మోయలేదు, అదీ ఆగిపోయింది. ఊరంతా చీకటి. కరెంటు లేకపోతే ఇళ్ళలో పొయ్యిలు ఆగుతాయి, పొయ్యిలు ఆగితే నీళ్ళ గొట్టాలు పగులుతాయి. బయట చలి సున్నాకి కింద నలభై నాలుగు. అందరినీ బడికి చేర్చారు. పిల్లలకు అది పండగే.

పదకొండేళ్ళ కిందట పారేసిన పాత ఇంజను పవర్‌హౌస్ వెనక మంచులో ఉంది. నీళ్ళ లారీ నడిపే పౌలూసీ, నేను నడుములకు తాడు కట్టుకుని వెళ్ళి తవ్వాం. దాని బేరింగు తీసి రుద్ది రెండోదానికి వేశాను. పూర్తిగా సరిపోలేదు, రేకు ముక్క కత్తిరించి సందులో పెట్టాను. ఐదు గంటల్లో దీపాలు వచ్చాయి. ఎనిమిది ఇళ్ళ గొట్టాలు మాత్రం పగిలాయి. విమానం పదో రోజున వచ్చింది. అందులో మెకానిక్కూ, కొత్త బేరింగూ, టమాటాలూ వచ్చాయి. టమాటాలు గడ్డకట్టాయి.

నేనెందుకు అడగలేదంటావా? చాలు అన్నావుగా.

నీ కొడుకు
మకిక్

అత్తగారికి కోడలు ఉవినిక్ రాస్తున్నది. ఆయన ఉత్తరం అంటించమని నాకిచ్చాడు, అంటించే ముందు నా నాలుగు ముక్కలు. ఎర్ర ఊలు బాగుంది. ఇక అసలు సంగతి. అత్తా, నీకు కళ్ళున్నాయా? ఆ మనిషి జన్మలో ఎవరినీ ఏదీ అడగనివాడు. నన్ను పెళ్ళికి కూడా నోరు తెరిచి అడగలేదు, మా నాన్న గుమ్మంలో సీల్ వేటమాంసం పెట్టి రెండు వారాలు మాట్లాడకుండా తిరిగాడు. అలాంటివాడు, ఆ దక్షిణాదివాళ్ళకు అడిగితేనే అర్థమవుతుందట అని, మూడు వారాలు పవర్‌హౌస్‌లో కూర్చుని ప్రశ్నలు రాశాడు. రాయడం, కొట్టేయడం. ఏ పూట చూసినా అదే. ఆ పైన నీ ఉత్తరం వచ్చింది. "ఇంకేమీ అక్కర్లేదు, అమ్మ చెబుతోంది" అన్నావట. ఆ ప్రశ్నల కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. సభలో లేచినప్పుడు కూడా అది ఆ జేబులోనే ఉంది. నేను పక్కనే కూర్చున్నాను, ఆయన చెయ్యి జేబు మీదకు వెళ్ళి వెనక్కి రావడం చూశాను. నీ చిన్నప్పుడు నువ్వు "నేను నీ అమ్మని, మిఠాయి ఇవ్వు" అంటే ఎన్ని మిఠాయిలు ఇచ్చాడో లెక్క ఉందా? ఇది మిఠాయి కాదత్తా.

ఒటావా
జనవరి 30

మామయ్యా,

ఇవాళ నిన్ను కొడుకా అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు. మేనకోడలిగా రాస్తున్నాను.

ఉవినిక్ అత్తయ్య రాసింది చదివి చాలాసేపు కోటు విప్పకుండానే కూర్చున్నాను. నేను అబద్ధం ఆడను. నాకు తెలియక కాదు. "అమ్మ చెబుతోంది" అని రాస్తే నువ్వు మారు మాట్లాడవని నాకు తెలుసు. తెలిసే రాశాను. ఆసుపత్రిలో కోపంగా ఉన్నాను, అంతే కాదు, గెలవాలని కూడా ఉంది. ఇక్కడ ఎవరితో వాదించినా లెక్కలూ పటాలూ చూపించాలి. నీతో ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట ఎంత బరువో నేను మోసి చూడలేదు.

నీకు ఉద్యోగం బెంగ అనుకున్నాను చూడు, దానికి ఇంకా సిగ్గేస్తోంది.

తుఫాను సంగతి ఆఫీసులో అందరూ చెప్పుకుంటున్నారు. "చూశారా, డీజిలు ఇంజన్ల గతి" అన్నాడు డెన్నిస్. నిజమే. ఐదు గంటల్లో దీపాలు తెచ్చింది ఎవరని నేను అడిగాను. ఆయన దగ్గరున్న కాగితంలో అది లేదు.

రెండు పనులు చేసిపెట్టు. నువ్వు ప్రశ్నలు రాసుకున్న కాగితం నాకు పంపు. నీ "సరే" వెనక్కి తీసుకుంటున్నానని పంచాయితీకి ఒక ముక్క రాయి. ఏప్రిల్‌లో ప్రభుత్వ పరిశీలన మండలి మన ఊళ్ళోనే విచారణ పెడుతుంది. ఆ లోపల రాస్తే చెల్లుతుంది.

నీ మేనకోడలు
నివియాక్

తసియాలుక్
ఫిబ్రవరి 20

అమ్మా,

మామయ్యా అని చూసి వేరే ఎవరి ఉత్తరమో నాకు వచ్చిందనుకున్నాను.

మామయ్యా అని మొదటే అడిగి ఉంటే నీతో వాదించేవాణ్ణి. మేనకోడలితో వాదించొచ్చు, తిట్టొచ్చు కూడా. నువ్వు కొడుకా అన్నావు. ఇప్పుడు తప్పు జరిగింది గనుక మళ్ళీ మామయ్యనా? అమ్మ పేరు జేబులో పెట్టుకుని కావాల్సినప్పుడు తీసి, వద్దనుకున్నప్పుడు దాచేది కాదు. చలికాలం కోటు కూడా అలా చేస్తే చిరుగుతుంది.

వెనక్కి తీసుకోమన్నావు. నేను తీసుకోలేను. అమ్మ చెప్పింది, నలుగురిలో అన్నాను. నన్ను చూసి నలుగురూ అన్నారు. నేను ఒక్కణ్ణే పంచాయితీకి కాగితం రాసి తప్పుకుంటే, వాళ్ళ కనుబొమలు ఎవరు దింపుతారు?

కాగితం అడిగావు గనుక పెట్టాను. నూనె మరకలకు ఏమీ అనుకోకు. విచారణలో అడిగినా జవాబు నాకు వినపడదు కదా.

నీ కొడుకు
మకిక్

(కాగితం మీద ఉన్నది)

తుఫానులో విమానం రాదు. అప్పుడు యంత్రం ఆగితే మొదటి గంట దాని మీద ఎవరి చెయ్యి ఉంటుంది. పాత ఇంజన్లు ఉంచుతారా. ఉంచితే ఎన్నేళ్ళు. వాడని ఇంజను మనిషి లాంటిది, నడవకపోతే పట్టేస్తుంది, వారానికోసారి వాటిని నడిపేది ఎవరు. మన ఇళ్ళు నేల కరగకూడదని స్తంభాల మీద కట్టాం, దీని వేడి కింద నేలకు తగిలితే నేల ఏమవుతుంది. ఇరవై ఏళ్ళ తరవాత తీసుకెళ్ళే ఓడ ఆ ఏడాది మంచు వల్ల రాకపోతే అది ఎక్కడ కూర్చుంటుంది. అప్పటికి మీ సంస్థ లేకపోతే ఉత్తరం ఎవరికి రాయాలి. చుట్టూ కంచె వేసి తుపాకీ కాపలా పెడతారట, సీల్ వేటకు వెళ్ళే దారి అటే. మా పిల్లలకు నేర్పుతారా. తుడవడం కాదు, నడపడం. ఇప్పుడు ఎక్కడైనా ఒకటి నడుస్తుంటే నేను వచ్చి నేల మీద పాదాలు పెట్టి చూడొచ్చా.

ఒటావా
ఏప్రిల్ 28

కొడుకా,

విచారణ హాల్లో నీ పక్కన కూర్చుని పలక మీద రాసి చూపించడానికి నా చెయ్యి చాలలేదు. వాళ్ళ జవాబులు రాసేసరికే మణికట్టు వాచింది. నీకు చేరని మాటలు కొన్ని ఉన్నాయి, అవి ఇప్పుడు రాస్తాను.

మొదట, బయల్దేరే ముందు ఇక్కడ జరిగింది. సెలవు అడిగితే డెన్నిస్, "అక్కడ ఏ కుర్చీలో కూర్చుంటావు?" అన్నాడు. మా మామయ్య పక్కన అన్నాను. "ఆయన మన పక్కే కదా" అన్నాడు. ఆయన నా పక్క, అందుకే ఇబ్బంది అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, నన్ను ఆపనూ లేదు.

నువ్వు లేవకముందు నేను లేచి మాట్లాడాను గుర్తుందా? పలక మీద రాయకుండానే లేచాను, నువ్వు ఆశ్చర్యంగా చూశావు. నేనన్నది ఇది: "నవంబరులో ఈయన సరే అన్నది నేను చెప్పినందువల్ల. నేను ఈయనకు అమ్మని. ప్రశ్నలు అడగొద్దని కొడుక్కి చెప్పాను. చెప్పకూడనిది చెప్పాను. ఇప్పుడు మా అబ్బాయి అడుగుతాడు, దయచేసి వినండి." మన వాళ్ళెవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకావిడ "అయ్యో, ముసలామెకు ఎంత కష్టం వచ్చింది" అంది, నన్నే! మండలి అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి, పెట్టుకుని, రాసుకునే మనిషి వైపు తిరిగి "తల్లి అని రాయండి" అంది. ఆవిడ మంచి మనిషి.

మొదటి గంట ఎవరి చెయ్యి అని నువ్వు అడిగినప్పుడు, ఇంజనీరు "దాని మీద ఎవరి చెయ్యీ అక్కర్లేదు, దానంతట అదే చల్లబడుతుంది" అన్నాడు. అదే నీకు రాసి చూపించాను. ఆయన ఆ తరవాత మైకు పక్కకు తిప్పి డెన్నిస్‌తో అన్నది నాకు వినపడింది: "యంత్రం చల్లబడుతుంది సరే. ఊరు కూడా చల్లబడుతుంది కదా." ఆ మనిషికి అప్పుడే తట్టింది. మొహంలో చూశాను. నువ్వు ముక్కు ముడిచి వద్దన్నది ఆ జవాబుకే, హాలంతా నీతో పాటు ముక్కు ముడిచింది. ఈసారి రాసుకునే మనిషి తల ఎత్తి చూశాడు. మొహాలు కూడా చూడమని నేను ముందే చెప్పి ఉంచాను లే.

పాత ఇంజన్లు ఉంచుతామన్నది, నడపడం నేర్పుతామన్నది లెక్కలోకి తీసుకున్నారు. ఓడ రాకపోతే, సంస్థ లేకపోతే, వేటదారి, మొదటి గంట, ఈ నాలుగింటికీ సరైన జవాబు లేదని అధ్యక్షురాలు రాయించింది. "అవి సిద్ధమయ్యాక రండి, ఓడ ప్రతి ఏడాదీ వస్తుంది" అని నువ్వన్నది ఆవిడ ఉన్నది ఉన్నట్టు తీర్మానంలో పెట్టించింది. ఈ ఏడాదికి అనుమతి లేదు, అసలు కాదనీ అనలేదు.

నన్ను పటం లేని గదిలోకి మార్చారు. వచ్చే నెలాఖరు దాకా జీతం. శాశ్వతం అన్నది ఐదు నెలలు వచ్చింది, నాకది ఎక్కువే.

ఒకటి మాత్రం నీకు దాచను. ఆ యంత్రం రావాలనే నాకు ఇంకా ఉంది. అలసువా ఇంటికెళ్ళి మళ్ళీ దగ్గుతోందని సూసీ రాసింది. పదమూడు మంది పదమూడు మందే. ఈ ఏడాది లేదు అన్నప్పుడు నీ పక్కన కూర్చుని సంతోషించలేకపోయాను. ఆగిన ప్రతి ఏడాదికీ ఎవరో ఒకరి పక్కటెముకలు గుంటలు పడతాయి. నీకు అది తెలుసు, తెలిసే అడిగావు. నాకు ఇప్పుడు రెండు పక్కలూ కనబడుతున్నాయి, ఏ పక్క నిలబడాలో కనబడడం లేదు.

విమానం దగ్గర నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. పలక ఇచ్చినా రాయలేదు. మెట్ల దగ్గర నా టోపీ సరిచేసి వెళ్ళిపోయావు. నా మీద కోపమా? అది చెప్పు చాలు. చాలు అనే మాట ఇక వాడకూడదు. అది చెప్పు.

నివియాక్

తసియాలుక్
మే 16

అమ్మా,

కోపం లేదు. నువ్వెక్కిన విమానం కుడి ఇంజను మాట బాగాలేదు, నేల మీద తెలుస్తూ ఉంది. పైలట్ దగ్గరికి వెళ్ళి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. మిగతా ఏదీ నాకు తోచలేదు. నువ్వు దిగినట్టు ఉవినిక్‌కి ఫోను వచ్చాకే ఇంటికి వెళ్ళాను.

బాతులు వచ్చాయి. కోడలు ఈకలు తీస్తూ నిన్ను తిడుతోంది, ఉద్యోగం పోగొట్టుకున్నావని. మధ్యలో పొగుడుతోంది కూడా. అలసువా దగ్గు తగ్గలేదు. పొగ గొట్టం ఎత్తు పెంచమని కార్పొరేషన్‌కు మళ్ళీ రాశాను. రాసిన నకలు నా దగ్గర ఉంచుకున్నాను, అడగడం అలవాటైంది.

ఏ పక్క నిలబడాలో తెలియదన్నావు. నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, జూన్ నెల, మేం సముద్రపు మంచు మీద శిబిరం మారుస్తున్నాం. పెద్ద పగులు అడ్డం వచ్చింది. అమ్మ చెయ్యి చూపించి, అటు పక్కనుంచి రా అంది. అటు మంచు నల్లగా ఉంది. నల్ల మంచు పల్చనని నాకు తెలుసు. అమ్మ చెప్పింది గనుక అడుగు వేశాను. నడుము దాకా దిగిపోయాను. అమ్మ పరిగెత్తుకొచ్చి బోర్లా పడుకుని, పాకి, నా కోటు టోపీ పట్టుకుని లాగింది. తానూ భుజాల దాకా తడిసింది. బట్టలు ఆరేదాకా ఇద్దరం ఒకే తోలు దుప్పటిలో వణుకుతూ కూర్చున్నాం. తప్పు నాది అని ఆవిడ అనలేదు. ఎందుకు అలా చెప్పావని నేనూ అడగలేదు. అయితే ఆ రోజు తరవాత, నాకు దారి చూపించాల్సి వచ్చిన ప్రతిసారీ, ముందు తాను వెళ్ళి ఈటెతో మంచు పొడిచి చూసేది. అప్పుడు చెయ్యి చూపించేది. చచ్చిపోయేదాకా అంతే.

హాల్లో నువ్వు లేచి ఏమన్నావో నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. వినపడకపోయినా, నువ్వు లేచినప్పుడు ఒక్క మాట తెలిసింది. నువ్వు నీళ్ళలోకి వచ్చావు.

డెన్నిస్ ఉత్తరం రాశాడు. దక్షిణాన వాళ్ళ యంత్రం ఒకటి పరీక్షకు నడుస్తోందట. ఆగస్టులో నన్ను వచ్చి పాదాలు పెట్టి చూడమన్నాడు. మొదటి గంటకు జవాబు కూడా అక్కడే వెతుకుదాం అన్నాడు. విచారణకు వచ్చిన ఆ ఇంజనీరే ఇలా రాయించాడట. నేను వెళ్తే, చూడ్డానికే వెళ్ళాడని ఊళ్ళో ఎవరూ అనుకోరు, మకిక్ మళ్ళీ సరే అన్నాడనుకుంటారు. వెళ్ళకపోతే నేనడిగిన చివరి ప్రశ్న అబద్ధమవుతుంది. ఈ ఏడాది ఆయిలు ఓడ కూడా ఆగస్టులోనే వస్తుందట, ఒడ్డున నేనుండాలి.

వెళ్ళమంటావా, వద్దంటావా? తొందర లేదు, విమానం ఉన్న వారం రాయి. నువ్వు ఏది చెబితే అది చేస్తాను. అది మాత్రం మారదు. అందుకని పొడిచి చూసి చెప్పు.

నీ కొడుకు
మకిక్